రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య

మా మండలికి నిజాయితీ ఒక ఫొటో వల్ల వచ్చింది. అంతకుముందు లేదని కాదు. ఉన్నట్టు కాగితం లేదు.

రాష్ట్ర లిఫ్టుల భద్రతా మండలి అనేది ఒకటుందని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. బెజవాడలో నాలుగంతస్తుల పాత భవనం, నూటపది మంది సిబ్బంది, ఒక చైర్మన్, ఒక లిఫ్టు. రాష్ట్రంలో లిఫ్టు ఎక్కినవాళ్లందరూ క్షేమంగా దిగేలా చూడటం మా పని. నేను మూడో అంతస్తులో సీనియర్ అసిస్టెంటుని, పేరు ముక్తేశ్వరరావు. ఆ ఏడాది ప్రభుత్వం లిఫ్టుల మీద కొత్త బిల్లు తేవాలనుకుని, ముసాయిదా తయారుచేసే పని మాకు అప్పజెప్పింది. సరిగ్గా ఆ వారమే మా చైర్మన్ ఇవటూరి సదాశివరావుగారూ, లిఫ్టు కంపెనీల సమాఖ్య కార్యదర్శి జాస్తి విక్రాంత్‌గారూ ఒక హోటల్లో ఐస్‌క్రీం తింటున్న ఫొటో పేపర్లో పడింది. ఐస్‌క్రీం తింటే తప్పేమీ లేదు. కాకపోతే ఫొటోలో చెంచాలు రెండున్నాయి, గిన్నె ఒకటే ఉంది.

పై వారానికల్లా ప్రభుత్వం నుంచి ఉత్తర్వు దిగింది. పెండింగులో ఉన్న బిల్లు గురించి బయటివారు ఎవరు మండలితో మాట్లాడినా రిజిస్టరులో నమోదు చేయవలెను. తేదీ, సమయం, ఏ అంతస్తు, ఏ గది, ఎవరు, ఏ విషయం, అన్నీ రాయవలెను. బిల్లు శాసనసభా సంఘం ముందుకు వెళ్లేటప్పుడు రిజిస్టరు నకలు కూడా జతపరచవలెను. ఎర్ర గుడ్డ అట్ట వేసిన నాలుగువందల పేజీల రిజిస్టరు ఒకటి తెప్పించి, దాని బాధ్యత నాకిచ్చారు. నేను మొదటి పేజీలో పసుపు బొట్టు పెట్టి, గళ్లు గీసి, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

ఒక్క కంపెనీ మనిషి వస్తే ఒట్టు. అంతకుముందు మా వరండాలో కుర్చీలు చాలేవి కావు. ఇప్పుడు ఈగ కూడా వాలడం లేదు. పదిరోజుల్లో చైర్మన్‌గారు సగానికి సగం చిక్కిపోయారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన ఏ నిర్ణయమూ ఒంటరిగా తీసుకున్న మనిషి కాదు. ముసాయిదా ముందేసుకుని, ఒక్కో సెక్షను చదివి, గుమ్మం వైపు చూసి నిట్టూర్చేవారు.

రిజిస్టరుకి బోణీ చేసింది మేకా శేషారత్నంగారు. పొన్నూరులో జాకెట్లు కుట్టే షాపు ఆవిడది. యాభై ఎనిమిదేళ్లుంటాయి. ప్రతి సోమవారం మొదటి బస్సుకి బయల్దేరి వచ్చి, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, మూడో అంతస్తులో నా బల్ల ముందు నిలబడి ఆయాసం తీర్చుకునేవారు. లిఫ్టుంది కదమ్మా అని మొదటిసారి అన్నాను. "నేను ఎక్కను బాబూ" అన్నారు.

ఎందుకెక్కరో ఆవిడ అర్జీలో ఉంది. రెండేళ్లనాడు ఆవిడ భర్త కోటిలింగంగారిని ఆస్పత్రిలో స్ట్రెచర్ మీద స్కానింగుకి తీసుకెళ్తుంటే కరెంటు పోయింది. లిఫ్టు ఒకటో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య ఆగింది. మెకానిక్కు ఊరవతల నుంచి రావాలి. నలభై నిమిషాలు పట్టింది. ఆయనకి ముప్పై నిమిషాలే ఉన్నాయి. మా ముసాయిదాలో పదకొండో సెక్షను సరిగ్గా ఇలాంటి దానికోసమే ఉంది. ఆస్పత్రి లిఫ్టులన్నిటికీ బ్యాటరీతో నడిచే ఒక పరికరం బిగించాలి. కరెంటు పోతే అది లిఫ్టుని దగ్గరి అంతస్తుకి చేర్చి తలుపు తీస్తుంది. చూడటానికి బియ్యం డబ్బా అంత ఉంటుంది, అంతే.

"ఆ పదకొండు తీసేయొద్దు బాబూ. ఇంకేం అడగను" అనేవారు ఆవిడ. నేను తేదీ, సమయం, మూడో అంతస్తు, ఆరో గది అని పొల్లుపోకుండా రాసుకునేవాణ్ణి. ఆవిడ సంతకం పెట్టి, నా సీసాలో మంచినీళ్లు తాగి, మళ్లీ మెట్లు దిగి వెళ్లిపోయేవారు.

ఇలా ఉండగా ఒకరోజు విక్రాంత్‌గారు మా భవనంలో ఎవరికో శుభలేఖ ఇవ్వడానికి వచ్చి లిఫ్టెక్కారు. అందులో చైర్మన్‌గారున్నారు. ఇది పూర్తిగా యాదృచ్ఛికమని మా లిఫ్ట్‌మ్యాన్ మస్తాన్ ఇప్పటికీ చెబుతాడు. లిఫ్టు నాలుగో అంతస్తుకి వెళ్లింది. ఎవరూ దిగలేదు. కిందికొచ్చింది. ఎవరూ దిగలేదు. ఏడోసారి చైర్మన్‌గారు దిగేటప్పటికి ఆయన మొహం కళకళలాడుతోంది. దిగిన మనిషి తిన్నగా నా దగ్గరికొచ్చారు.

"ముక్తేశ్వరరావ్, రిజిస్టరులో అంతస్తు అన్న గడి ఉన్నది కదా? కదులుచున్న లిఫ్టు ఏ అంతస్తునకు చెందును?"

"ఆగినచోటుకి చెందుతుందేమో సార్."

"ఆగకపోయినచో?"

నాకు జవాబు తోచలేదు. న్యాయ సలహాదారుగారికి తోచింది. ఆయన పదకొండు పేజీలు రాశారు. కదులుచున్న లిఫ్టు అంతస్తూ కాదు, గదీ కాదు. కావున అందులో జరుగు సంభాషణకు రిజిస్టరులో తగిన గడి లేదు. గడి లేనిదానిని నమోదు చేయుట రిజిస్టరును పాడుచేయుట అగును. ఆ ముక్క కింద చైర్మన్‌గారు ఎర్ర సిరాతో రెండు గీతలు గీసుకున్నారు.

మర్నాడు 'అనధికార సంపర్కముల అధికారిక విధానము' అని సర్క్యులర్ వచ్చింది. పరిశ్రమ ప్రతినిధులు యాదృచ్ఛికముగా చైర్మన్‌గారిని కలుసుకొనదలచినచో రెండు రోజులు ముందుగా దరఖాస్తు చేసుకొనవలెను. యాదృచ్ఛికతకు టోకెన్ నంబరు ఇవ్వబడును. చైర్మన్‌గారు ఉదయం పదకొండు నుండి ఒంటిగంట వరకు లిఫ్టులో తటస్థపడుదురు. లిఫ్టులో స్టూలు వేయరాదు, ఏలయనగా కూర్చున్నచో అది సమావేశమగును. కాగితములు తీయరాదు. ఫ్లాస్కు అనుమతించబడును. లిఫ్టును సాధ్యమైనంత మెల్లగా నడపవలెను. ఏ అంతస్తులోనూ అనవసరముగా ఆపరాదు.

దాంతో నూటపది మందిమీ మెట్లెక్కడం మొదలుపెట్టాం. లిఫ్టు పాడైందని ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చేవాళ్లు కూడా మెట్లెక్కే వచ్చేవారు. ఒకాయన మూడో అంతస్తు చేరాక ఫిర్యాదేమిటో మరిచిపోయి, కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. కింద హాల్లో టోకెన్లు పట్టుకున్న ప్రతినిధులు యాదృచ్ఛికంగా వరసలో నిలబడి ఉండేవారు. తన వంతు కాకుండానే చైర్మన్‌గారికి ఎదురుపడ్డాడని ఒకాయన మీద ఇంకొకాయన రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడు.

చిక్కు ఒక్కచోట వచ్చింది. కాగితం తీయకూడదు కాబట్టి ఎవరేమన్నదీ ఎవరికీ గుర్తుండేది కాదు. చైర్మన్‌గారికి మతిమరుపు. విక్రాంత్‌గారికి గుర్తున్నా, ఆయనని అడిగితే అది సంప్రదించినట్టవుతుంది. మిగిలింది మస్తాన్. ముప్పై ఏళ్లుగా లిఫ్టు నడుపుతున్న మనిషి. ఎవరు ఎన్నో అంతస్తులో ఎక్కి ఎక్కడ దిగిందీ పదేళ్లనాటిది అడిగినా చెప్పగలడు. చైర్మన్‌గారు మధ్యాహ్నం టైపిస్టుని వెంటబెట్టుకుని లిఫ్టు దగ్గరికి వచ్చేవారు.

"మస్తాన్, తొమ్మిదవ సెక్షను విషయమై ఏమి అనుకొంటిమి?"

"నెలకోసారి తనిఖీ అన్న మాట తీసేసి, వీలునుబట్టి అని పెడదామన్నారండి. విక్రాంత్‌గారు అన్నారు, తమరు భలే అన్నారు."

"టైపు చేయుము" అనేవారు చైర్మన్‌గారు టైపిస్టుతో.

అలా మూడు నెలలు రాష్ట్రంలో లిఫ్టుల చట్టమంతా మస్తాన్ బుర్రలో ఉంది. అతనికి జ్వరం వచ్చిన రోజున మండలి పని ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పుతుంటే మస్తాన్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు.

"సారూ, పదకొండు పోయింది" అన్నాడు.

"పదకొండేమిటి?"

"ఆ జాకెట్లు కుట్టే అమ్మగారిది. పొద్దున ఐదో ట్రిప్పులో తీసేశారు. రేపు టైపు చేపిస్తారంట."

అన్నం అలాగే వదిలేసి చైర్మన్‌గారి గదికి వెళ్లాను. ఆయన కోపగించుకోలేదు. నన్ను కూర్చోమని కూడా అన్నారు, నియమాల గురించి మాట్లాడటం ఆయనకి అంత ఇష్టం.

"చూడుము ముక్తేశ్వరరావ్. నీ రిజిస్టరులో ఎన్ని నమోదులున్నవి?"

"పద్నాలుగు సార్."

"ఎవరెవరివి?"

"అన్నీ శేషారత్నంగారివే సార్."

"పరిశ్రమవి?"

"ఒక్కటీ లేదు సార్."

"అదియే నా ఆవేదన. రేపు శాసనసభా సంఘము ఈ రిజిస్టరును చూచును. పద్నాలుగు పర్యాయములు ఒకే ఒక వ్యక్తి మండలిపై ఒత్తిడి తెచ్చినట్లు స్పష్టముగా కనబడును. అవతలి పక్షము నోరు విప్పిన దాఖలాయే లేదు. ఆ స్థితిలో పదకొండవ సెక్షను ఉంచినచో, మండలి ఒక టైలరింగు షాపునకు లొంగిపోయినదని లోకము అనుకొనదా? పక్షపాతము వీసమెత్తు కూడా ఉండరాదు. సమతూకము కావలెను."

నేను ఆయన మొహంలోకి చూశాను. హాస్యమాడుతున్నారేమో అనుకున్నాను. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. నిష్పక్షపాతం మాటెత్తితే ఆయనకి అలాగే అవుతుంది.

సోమవారం శేషారత్నంగారు వచ్చారు. పదిహేనో నమోదు కోసం పెన్ను తీసుకున్నారు. నేను ఆవిడ చేతిలోంచి పెన్ను తీసేసుకుని జరిగిందంతా చెప్పాను. మీరు సంతకం పెట్టిన కొద్దీ మీ సెక్షనుకే చేటమ్మా అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆవిడకి అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"అంటే నేను వచ్చి అడిగానని తీసేశారా?"

"అవునమ్మా."

"వాళ్లు రాలేదని వాళ్లకిచ్చారా?"

"వాళ్లు వస్తూనే ఉన్నారమ్మా. లిఫ్టులో."

ఆవిడ కొంగుతో మెడ తుడుచుకున్నారు. "ఆయనగారు ఇప్పుడు ఎక్కడున్నారు?" అన్నారు. గోడగడియారం చూశాను. పదకొండున్నర. "లిఫ్టులోనే" అన్నాను.

ఆవిడ వెళ్లి లిఫ్టు ముందు నిలబడ్డారు, వెనకే నేనూ వెళ్లాను. ఇనప గ్రిల్లు తలుపు వంక చూస్తూ ఎంతసేపు నిలబడ్డారో. లిఫ్టు కిందికి పోయింది, పైకి పోయింది, మూడుసార్లు మా ముందునుంచే వెళ్లింది. నాలుగోసారి మస్తాన్ మమ్మల్ని చూసి ఆపేశాడు. లోపల చైర్మన్‌గారు, ఫ్లాస్కు పట్టుకుని విక్రాంత్‌గారు ఉన్నారు.

"మీరు కూడా రండి బాబూ" అని ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. ఇద్దరం లోపలికి అడుగుపెట్టాం. మస్తాన్ తలుపు వేశాడు.

లిఫ్టు కదలగానే ఆవిడ కళ్లు మూసుకున్నారు. కళ్లు మూసుకునే మాట్లాడారు.

"సెలైను సీసా నా చేతికిచ్చారండి. పైకెత్తి పట్టుకోమన్నారు. లిఫ్టు ఆగిపోయింది, చీకటి. వార్డుబాయి తలుపు బాదతన్నాడు. నేను సీసా దించలా. ఈ చెయ్యి నొప్పెడితే ఆ చేత్తో పట్టుకున్నా. వచ్చేశామా రత్నం, అని అడిగాడండి. వచ్చేశామయ్యా అన్నా. కాసేపటికి మళ్లా అడిగాడు. ఇదిగో వచ్చేశామన్నా. మూడోసారి అడగలా. అయినా తలుపు తెరిచిందాకా నేను సీసా ఎత్తే పట్టుకున్నానండి. దించితే తప్పు నాదౌతుందని భయం."

లిఫ్టు నాలుగో అంతస్తుకి వెళ్లి కిందికి వస్తోంది. విక్రాంత్‌గారు ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉండిపోయారు. మస్తాన్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చైర్మన్‌గారు జేబురుమాలు తీసి కళ్లద్దుకున్నారు. అవి నిజం కన్నీళ్లే, నేను చూశాను.

"అమ్మా, మీరు చెప్పినది నా హృదయమును కలచివేసినది. అయితే ఇది అనధికార సంపర్కము. దీనిని పరిగణనలోకి తీసుకొనుటకు నాకు అధికారము లేదు."

"మరి పైన రాసి ఇచ్చినయ్యండీ?"

"అవి అధికారికము. అవి ఇప్పటికే ఎక్కువైనవి."

ఆవిడ కళ్లు తెరిచి ఆయన్ని చూశారు. తిట్టలేదు. కిందికి రాగానే దిగి, గోడ పట్టుకుని నడుచుకుంటూ గేటు దాటి వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆఫీసులో కోపం వస్తే మర్నాడు సెలవు పెట్టడం నా అలవాటు. ఆరోజు సెలవుచీటీ రాసి మళ్లీ చింపేశాను. చైర్మన్‌గారికి కావలసింది సమతూకం. అది చూపించాల్సిన రిజిస్టరు నా చేతిలోనే ఉంది. పై అధికారి కోరిక తీర్చడం నా ధర్మం కాదూ?

మస్తాన్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. అతను కళ్లు సగం మూసి మొదటి ట్రిప్పు నుంచి అందుకున్నాడు. మూడు మధ్యాహ్నాలు పట్టింది. తేదీలు, గంటలు, ఎక్కినవాళ్లు, అన్నమాటలు, మధ్యలో ఎవరు తుమ్మిందీ కూడా చెప్పాడు. తుమ్ములు నేను రాయలేదు. పరిశ్రమ ప్రతినిధులతో అరవైమూడు సంపర్కాలు తేలాయి. గది అన్న గడిలో 'లిఫ్టు' అని రాశాను. అంతస్తు దగ్గర కాసేపు ఆగాను. తరవాత అరవైమూడు చోట్లా 'రెండుకీ మూడుకీ మధ్య' అని గుండ్రంగా రాశాను. చివర శేషారత్నంగారి లిఫ్టు ప్రయాణం కూడా చేర్చాను.

చైర్మన్‌గారు చదివి సంతకం పెట్టే మనిషి కాదు. నేను చీటీ అంటించినచోట పెట్టడం ఆయనకి ఇరవై ఏళ్ల అలవాటు. డెబ్భైయెనిమిది నమోదులనూ ధ్రువీకరిస్తూ అయిదు సంతకాలు పెట్టి, "సమతూకముగా ఉన్నదా?" అని అడిగారు. ఉంది సార్ అన్నాను.

శాసనసభా సంఘం వారు రిజిస్టరు చదివారు. బిల్లు చదివారో లేదో తెలియదు గాని రిజిస్టరు మాత్రం మొదటి నుంచి చివరిదాకా, కొన్ని పేజీలు పైకి చదివి మరీ ఆనందించారట. పరిశ్రమ అరవైమూడుసార్లు, జాకెట్లు కుట్టే ఆవిడ పదిహేనుసార్లు. పోయిన సెక్షను మాత్రం ఆవిడది. సంఘం అధ్యక్షుడు చైర్మన్‌గారిని పిలిచి సంజాయిషీ అడిగారు.

"మా భవనములో అట్టి అంతస్తు లేదు" అన్నారట చైర్మన్‌గారు.

"సంతకం ఎవరిదండీ?" అన్నారట అధ్యక్షుడు.

ఈ సంగతి పేపర్లో వచ్చిన నాలుగో రోజు నగరపాలక సంస్థ నుంచి మాకు నోటీసు వచ్చింది. రెండవ, మూడవ అంతస్తుల మధ్య అనుమతి లేకుండా అదనపు అంతస్తు నిర్మించి, అందులో మూడు నెలలుగా కార్యకలాపములు సాగించుచున్నందుకు ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపవలెను. టేపు పట్టుకుని ఇద్దరు వచ్చారు. మెట్లన్నీ కొలిచారు. గోడలు కొట్టి చూశారు. 'సదరు అంతస్తు కనబడలేదు. మా రాకకు ముందే కూల్చివేసినట్లు భావించవచ్చును' అని రాసుకుని వెళ్లారు. మా ఫైలు మూసేశారు.

చైర్మన్‌గారు తెలివైనవారు. పదకొండో సెక్షను ముసాయిదాలో మళ్లీ పెట్టి, సామాన్య మహిళ ఆవేదనకి చలించిపోయానని సంఘం ముందు పావుగంట మాట్లాడారు. బిల్లు పాసైంది. నాకు మాత్రం మెమో వచ్చింది: 'జరిగిన విషయములను జరిగినది జరిగినట్లుగా, పై అధికారుల అనుమతి లేకుండా నమోదు చేసినందుకు' నా మీద చర్య ఎందుకు తీసుకోకూడదని. ఆ మెమో ఇంకా నా సొరుగులోనే ఉంది. జవాబు ఎలా రాయాలో నాకు తెలియడం లేదు.

గెజెట్ వచ్చిన సోమవారం శేషారత్నంగారు వచ్చారు. పదకొండో సెక్షను చదివి వినిపించమన్నారు. చదివాను. ఆస్పత్రి లిఫ్టులన్నిటికీ పరికరం బిగించవలెను అన్నప్పుడు ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను అక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఆపలేకపోయాను. కింద ఇంకో వాక్యం ఉంది. 'ఈ సెక్షను అమలులోనికి వచ్చు తేదీని పరిశ్రమ వర్గాలను సంప్రదించిన పిమ్మట మండలి ప్రకటించును.'

"అంటే ఆ ఆస్పత్రి లిఫ్టు ఇంకా అట్టాగే ఉందా?"

"అలాగే ఉందమ్మా."

"సంప్రదించటం మొదలెట్టారా?"

"మొదలెట్టారు."

"ఎక్కడ?"

బిల్లు ఇప్పుడు పెండింగులో లేదు. రిజిస్టరు నియమం వర్తించదు. చైర్మన్‌గారు తన గదిలో కుర్చీలు వేసుకుని ఎంతమందితోనైనా మాట్లాడుకోవచ్చు. కానీ మూడు నెలల అలవాటు. కూర్చుంటే ఆలోచన సాగడం లేదట. నేను ఇదంతా ఆవిడకి చెప్పలేదు. లిఫ్టు వైపు చూశాను.

ఆవిడ వెళ్లి బటన్ నొక్కారు. లిఫ్టు వచ్చింది, మస్తాన్ తలుపు తీశాడు. లోపల మాట్లాడుకుంటున్న ఇద్దరూ ఆగిపోయారు.

"అమ్మా, ఇప్పుడు రిజిస్టరుతో నిమిత్తము లేదు" అన్నారు చైర్మన్‌గారు కంగారుగా.

ఆవిడ లోపలికి అడుగుపెట్టి కమ్మీ గట్టిగా పట్టుకున్నారు. ఈసారి కళ్లు మూసుకోలేదు.

"పుస్తకం తెచ్చుకోండి బాబూ" అన్నారు నాతో.

తెచ్చుకున్నాను.